అరవై అయిదు వచ్చేదాకా

మొన్న మంగళవారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకి గిరావీన్‌లో బస్సెక్కాను. వెస్ట్‌మీడ్‌లో రక్తపరీక్ష ఉంది. ఎర్రదీపం దగ్గర బస్సు ఆగినప్పుడు డ్రైవరు కుడిచేతి రెండు వేళ్ళతో ఎడమ ముంజేతి మీద మూడుసార్లు తట్టుకున్నాడు. ఎవరో కుర్రాడు, ముప్పై దాటి ఉండవు. తట్టుకోవడానికి పెద్ద కారణమేమీ ఉండి ఉండదు, దురద పెట్టి ఉంటుంది. నేను మాత్రం దిగాల్సిన చోటు దాటి రెండు స్టాపులు ముందుకు వెళ్ళిపోయాను. ఈ దేశం వచ్చిన పదకొండేళ్ళలో అలా జరగడం ఇదే మొదటిసారి.

ఆ తట్టుకోవడం మా కోచ్‌ది. ఆయన పోయి ఏడు నెలల నాలుగు రోజులైంది. ఆయన కూడా బస్సు డ్రైవరే. పేరు రాయను. ఆయన్ని పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. జట్టు పిల్లలందరికీ కోచ్. వాళ్ళ అమ్మలకీ కోచే. బస్సులో ఎక్కే ముసలివాళ్ళు కూడా కొందరు 'గుడ్ మార్నింగ్ కోచ్' అనేవాళ్ళట.

ఆయనకి ఆ సంవత్సరం ఒకే ఒక్క కోరిక ఉండేది. మా మనవరాలు శ్రేయని తన చేత్తో మైదానంలోకి దించాలని. అది జరగకుండా అడ్డుకున్నది నేను. లెక్కలతో అడ్డుకున్నాను. లెక్కలతో అడ్డుకున్నదాన్ని కాబట్టి లెక్కగానే చెప్పాలి.

ముందు ఆట సంగతి. పేరు ఫుట్‌బాలే గాని బంతిని కాలితో తన్నేది తక్కువ. అమెరికా వాళ్ళ ఆట, నాలుగు క్వార్టర్లుగా, అంటే నాలుగు భాగాలుగా ఆడతారు. బంతి రెండు కొసలా సన్నబడి ఉంటుంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. ప్రతి ప్రయత్నంలోనూ బంతి ముందుగా ఒకే మనిషి చేతికి వస్తుంది. ఆ మనిషిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. అవతలి జట్టువాళ్ళు ఆమెని పడెయ్యడానికి మీదికి పరుగెత్తుకొస్తూంటే, మూడు నాలుగు సెకన్లలో ఎవరికి విసరాలో తేల్చుకుని విసరాలి. మాది ఆడవాళ్ళ జట్టు. నర్సులు, పిల్లల తల్లులు, యూనివర్సిటీకి వెళ్ళే అమ్మాయిలు ఆడేవాళ్ళు. హెల్మెట్లు పెట్టుకుంటే ఎవరెవరో తెలిసేది కాదు. నేను చొక్కా మీది అంకెల్ని బట్టి గుర్తుపట్టేదాన్ని.

క్వార్టర్‌బ్యాక్‌గా కెల్లీ ఆడేది. పార్సిల్ వ్యాను నడుపుతుంది, ముప్పై ఆరేళ్ళు, కుడి భుజం అప్పటికే సగం పోయింది. ఆమె వెనక బెంచి మీద, అప్పుడే ఆట నేర్చుకుని వచ్చిన పందొమ్మిదేళ్ళ శ్రేయ. పాతామెని ఎప్పుడు ఆపాలి, కొత్తపిల్లని ఎప్పుడు దించాలి అన్నదే ఆ సీజనంతా మా కోచ్ తల తినేసిన ప్రశ్న.

ఆయన గురించి తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది తల మీద ఐస్‌క్రీమ్ డబ్బా. వసంతకాలంలో ఇక్కడ మాగ్‌పై పక్షులు గూడు పెట్టుకుని, దగ్గరికి వచ్చినవాళ్ళ నెత్తి మీదికి దూకుతాయి. మైదానం పక్క యూకలిప్టస్ చెట్టు మీద ఒకటి ఉండేది. కోచ్ అందరికంటే రెండు గంటలు ముందు వచ్చి, రెండు లీటర్ల ఐస్‌క్రీమ్ డబ్బా బోర్లించుకుని, దానికి వెనకవైపు నల్ల ఇంకుతో రెండు కళ్ళు గీసుకుని మైదానమంతా తిరిగేవాడు. కుక్కలు వేసినవి ఎత్తి పారేసేవాడు. నీళ్ళు చిమ్మే గొట్టాల దగ్గర పడ్డ గుంటల్లో ఇసక పోసి కాలితో అదిమేవాడు. 'పిల్ల కాలు మడతడిపోతే?' అనేవాడు. మున్సిపాలిటీ వాళ్ళు చెయ్యాల్సిన పని కదా అని నేనంటే, 'ఆళ్ళు వచ్చీసరికి సీజను అయిపోద్ది అక్కా' అనేవాడు.

ఆయన తెలుగు అలా ఉండేది. ఫిజీలో పుట్టినవాడు. చిన్నప్పుడే విశాఖపట్నం వైపు నుంచి పడవెక్కి చెరకు తోటల్లోకి వెళ్ళిన వాళ్ళ అవ్వ దగ్గర నేర్చుకున్న తెలుగు అది. భార్యతో హిందీ, బస్సులో ఇంగ్లీషు. తెలుగు మాట్లాడడానికి అవ్వ పోయాక ఆయనకి మనిషి లేదు. నేను దొరికాను. నేనేమో 'నేదు కాదండీ, లేదు' అని దిద్దేదాన్ని. ఆయన నవ్వి, 'మీ గోదారోళ్ళకి బాసంతా మీదే' అనేవాడు. ఇంకోసారి దిద్దితే 'అలగే, లేదు. మా అవ్వకి సెప్తా, ఉంటే' అన్నాడు. ఆ తరవాత దిద్దడం మానేశాను.

అరవడం ఆయనకి చేతకాదు. మిగతా జట్ల కోచ్‌లు మైదానం గీత పక్కన నిలబడి గొంతు పోయేలా అరుస్తారు. ఈయనకి కోపం వస్తే కిందికి వంగి, ఎడమకాలి బూటు తాడు విప్పి, మళ్ళీ కట్టుకునేవాడు. కట్టడం అయ్యేసరికి కోపం పోయేది, లేదా పోయినట్టు కనిపించేది. ఎన్నిసార్లు కట్టాడన్నది పుస్తకం వెనక అట్ట మీద నేను విడిగా రాసుకునేదాన్ని. మామూలు ఆటకి మూడు నాలుగు. ముంజేతి మీద మూడుసార్లు తట్టుకున్నాడంటే మాత్రం కోపం కాదు, ఏదో తేల్చుకోవాలని. తట్టుకున్నాక కూడా చాలాసార్లు తేలేది కాదు.

ఆ పుస్తకం సంగతి. మా అమ్మాయి ఆసుపత్రి ల్యాబులో సాయంత్రం డ్యూటీ చేస్తుంది. మంగళ, గురువారాలు ఆరున్నరకి శ్రేయ ప్రాక్టీసుకి పోతే ఇంట్లో నేనొక్కదాన్నే. 'కమ్ విత్ మీ అమ్మమ్మా, యు కెన్ సిట్ దేర్' అని కారెక్కించేది. మడత కుర్చీ, ఫ్లాస్కులో టీ, ఒక రూళ్ళ పుస్తకం. ఊరికే కూర్చోవడం నాకు రాదు. ఉద్యోగం చేసిన ముప్పై మూడేళ్ళూ గోదావరి జిల్లాలో ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో వానలెక్క రాశాను. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి వానమాపకంలో నీళ్ళు కొలపాత్రలోకి వంచి, కంటి ఎత్తున పట్టుకుని చూసి, పుస్తకంలో ఎక్కించాలి. కొలతకి అందనంత చినుకు పడితే అంకె వెయ్యకూడదు, అలాగని సున్నా కూడా వెయ్యకూడదు. గడిలో చిన్న చుక్క పెట్టేవాళ్ళం. పడింది గాని కొలతకి రాదు అని దాని అర్థం.

రెండో వారమో ఏమో, వెనకనుంచి గొంతు వినిపించింది.

'అక్కా, ఏటి రాత్తన్నావు?'

తలమీద డబ్బా తియ్యకుండానే వంగి చూస్తున్నాడు. ఆయన తెలుగు మాట్లాడతాడని నాకు అప్పుడే తెలిసింది.

'ఎవరు ఎన్ని విసిరారు, ఎన్ని అందాయి, ఎన్ని అందలేదు' అన్నాను.

పుస్తకం తీసుకుని చెయ్యి చాచినంత దూరంలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. 'ఇన్నేళ్ళూ కళ్ళతో సూసి, ఈ పిల్ల బాగుంది, ఆ పిల్ల బాగునేదు అని సెప్తన్నాను. కళ్ళు మాయ సేత్తాయి. ఇది సెయ్యదు.'

'నేను ఆట చూడ్డం నేర్చుకుని నెల కాలేదండీ.'

'అదే మంచిది. నీకు ఎవులు మంచోళ్ళో తెల్దు. తెల్దు కాబట్టి ఉన్నదే రాత్తావు.'

ఆ రోజు నుంచి నాకు పని దొరికింది. ప్రతి గురువారం ప్రాక్టీసు చివర కెల్లీ నూరు బంతులు, శ్రేయ నూరు బంతులు విసిరేవాళ్ళు. నేను లెక్క రాసేదాన్ని. కోచ్ వచ్చి నా కుర్చీ పక్కన గడ్డి మీద కూలబడి, నారింజ ముక్క ఒకటి నాకిచ్చి, ఒకటి తాను చప్పరిస్తూ అడిగేవాడు, 'అక్కా, నంబరెంత?' అని.

మొదటి గురువారం శ్రేయ నంబరు యాభై ఎనిమిది. తరవాత అరవై. తరవాత అరవై ఒకటి. కెల్లీది అరవై ఏడుకి అటూ ఇటూగా ఉండేది.

'ఎంతొస్తే దించీమంటావు?' అని మూడో గురువారం అడిగాడు.

'నన్నడుగుతారేమిటండీ? కోచ్ మీరు.'

అప్పుడు చెప్పాడు. చాలా ఏళ్ళ కిందట ఒకసారి ఇలాగే పందొమ్మిదేళ్ళ అమ్మాయి, ఆయన మాటలో గుంట. అందరూ దించు దించు అన్నారు. 'నాకూ అలగే అనిపించింది. బేగి దించీసాను. రెండో ఆటలోనే బుజం ఎముక ఇరిగిపోనాది. మళ్ళీ బంతి ముట్టనేదు ఆ గుంట. ఆళ్ళమ్మ నన్ను ఒక్క మాటా అననేదు అక్కా. అంటే బాగుండును.' బూటు తాడు విప్పాడు, కట్టాడు. 'అందుకని నాకు అనిపించింది వద్దు. నంబరు కావాల.'

'అయితే అరవై అయిదు' అన్నాను. ఎందుకు అరవై అయిదు అంటే, కెల్లీకి దగ్గరగా ఉంది, అయిదు మీద ఆగుతుంది. అంతే. ఆయన దాన్ని వేదంలా పట్టుకున్నాడు.

నాలుగో గురువారం యాభై తొమ్మిది. ఆ శనివారం ఆట ఓడిపోయారు. అయిదో గురువారం అరవై రెండు. ఆ శనివారమూ ఓడిపోయారు. అప్పుడు క్లబ్బు అధ్యక్షుడు క్యాంటీను దగ్గర సాసేజ్‌లు కాలుస్తూ, నవ్వుతూనే, అందరూ వింటుండగా అన్నాడు, వరసగా మూడు పోతే కమిటీ వేరే కోచ్‌ని చూసుకోవాల్సి వస్తుందని. కోచ్ రొట్టెలో ఉల్లిపాయ ముక్కలు సర్దుకుంటూ 'ఫెయిర్ ఇనఫ్, మేట్' అన్నాడు. ఆ తరవాత రొట్టె తినకుండా బెంచి మీద పెట్టేశాడు. మాగ్‌పై వచ్చి ఎత్తుకుపోయింది.

ఆరో గురువారం నాకు గంటలు నిమిషాలతో సహా గుర్తుంది. ఏడు గంటల ఇరవై నిమిషాలకి శ్రేయ నూరో బంతి విసిరింది. ఇంకా వెలుగుంది. బంతి తిన్నగా వెళ్ళి అవతలి అమ్మాయి రెండు చేతుల మధ్య పడి, జారి, గడ్డి మీద పడింది. నేను అందలేదు అన్న గడిలో గీత పెట్టాను.

'అక్కా, నంబరెంత?'

'అరవై నాలుగు.'

ముంజేతి మీద మూడుసార్లు తట్టుకున్నాడు. 'ఒకటే కదేటి తక్కువ?'

'ఒకటి తక్కువైనా తక్కువేనండీ.'

'ఆకరి బంతి నానూ సూసాను. సేతుల్లో పడింది. ఆ పిల్ల జార్చీసింది. మన గుంట ఏం సేత్తది?'

'నా పుస్తకంలో రెండే గడులు. అందింది, అందలేదు.'

పక్కనే మంచుముద్ద భుజానికి కట్టుకుంటున్న కెల్లీకి మా మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. 'కోచ్, నా భుజం శనివారం రెండు క్వార్టర్లు పనిచేస్తే గొప్ప. ఆ పిల్లని దించు. నాకేం చిన్నతనం లేదు' అని ఇంగ్లీషులో అంది.

ఆయన కెల్లీ వంక చూశాడు, శ్రేయ వంక చూశాడు. శ్రేయ దూరంగా బంతులు సంచిలో వేస్తోంది, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. ఆయన వంగి తాడు విప్పి కట్టుకున్నాడు. లేచి, 'నీ పుస్తకం ఎప్పుడూ అబద్దం సెప్పనేదు అక్కా. ఇంకో వారం ఆగుదాం' అన్నాడు.

కారు మెయిన్ రోడ్డు ఎక్కింది. అప్పుడు శ్రేయ అంది.

'అమ్మమ్మా, కెన్ ఐ ఆస్క్ యు సమ్‌థింగ్? కెల్లీ బాల్ ఎవరైనా డ్రాప్ చేస్తే నువ్వు ఒన్ మోర్ అంటావ్. కౌంట్ చెయ్యవ్. నాది డ్రాప్ చేస్తే రాసేస్తావ్. వై?'

అది నిజం. దాని కళ్ళు ఎప్పుడు పట్టుకున్నాయో గాని, నిజం. కెల్లీ విసిరింది జారితే, పాపం ఆమె తప్పు కాదు కదా అని ఇంకొకటి వేయించేదాన్ని. శ్రేయ విసిరింది జారితే గీత పెట్టేదాన్ని.

'నువ్వు నా మనవరాలివి. పుస్తకం నా చేతిలో ఉంది. నీకు ఒక్కటి ఎక్కువ రాసినా పదిమంది ఏమనుకుంటారు?'

'సో ఇట్స్ మై పెనాల్టీ? ఫర్ బీయింగ్ యువర్ గ్రాండ్ డాటర్?'

'ముందు రోడ్డు చూసి నడుపు' అన్నాను.

ఇంటికి వెళ్ళాక పుస్తకం తెరవలేదు. తెరిచి ఉంటే శుక్రవారమంతా చేతిలో ఉంది. ఫోను చేసి చెప్పడానికి ఆయన నంబరూ ఉంది. ముప్పై మూడేళ్ళలో ఒక్కసారి కూడా రాసిన అంకె కొట్టేసి వేరే అంకె వెయ్యని చెయ్యి నాది అని ఒక గర్వం. ఆ గర్వాన్ని ఇంకో రెండు రోజులు కాపాడుకున్నాను.

శనివారం చివరి క్వార్టర్లో ఏడు నిమిషాలు మిగిలి ఉండగా మావాళ్ళు అయిదు పాయింట్లు వెనకబడి ఉన్నారు. కెల్లీ భుజం పట్టుకుని గీత దగ్గరికి వచ్చింది. శ్రేయ అప్పటికే హెల్మెట్ పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించుకుని, కోచ్ పక్కన నిలబడి ఉంది. నా కుర్చీ వాళ్ళకి పది అడుగుల వెనక. కోచ్ శ్రేయ వంక చూడలేదు. మైదానం వంకా చూడలేదు. వెనక్కి తిరిగి నా వంక చూశాడు. ముంజేతి మీద మూడుసార్లు తట్టి, కనుబొమలు ఎత్తాడు.

ఒక్క తల ఊపితే సరిపోయేది. నేను అడ్డంగా ఊపాను.

ఆయన కెల్లీ దగ్గరికి వెళ్ళి, ఇంకొక్కసారి వెళ్ళగలవా అని అడిగాడు. ఆమె వెళ్ళింది. మూడో ప్రయత్నంలో బంతి ఆమె చేతిలోంచి బలం లేకుండా తేలి, అవతలి జట్టు చేతుల్లో పడింది. అయిదు పాయింట్లతోనే ఓడిపోయారు. ఆ రోజు ఆయన తొమ్మిదిసార్లు బూటు తాడు కట్టుకున్నాడు. శ్రేయ హెల్మెట్ తియ్యకుండానే కారు దాకా నడిచి వచ్చింది.

ఆ సాయంత్రం పుస్తకం తెరిచాను. శ్రేయ పుటల్లో కొన్ని గీతల పక్కన పెన్సిలుతో చిన్న చిన్న చుక్కలున్నాయి. నేనే పెట్టాను. పెట్టినట్టు నాకు గుర్తు లేదు. చేతుల్లో పడి జారిన బంతులన్నింటి పక్కనా నా చెయ్యి పాత అలవాటున చుక్క పెట్టుకుంటూ పోయింది. అంటే నా చేతికి తెలుసు. గురువారం పుటలో ఏడు చుక్కలు. కెల్లీకి పట్టిన కొలతే పట్టి వాటిని తీసేస్తే తొంభై మూడింటికి అరవై నాలుగు. నూటికి అరవై ఎనిమిది పాయింట్ ఎనిమిది. అంతకు ముందు గురువారం ఆరు చుక్కలు. తొంభై నాలుగింటికి అరవై రెండు. అప్పటికే అరవై అయిదు దాటింది. ఆయనకి చేతిలో రెండు ఆటలు ఉండగానే దాటింది.

మంగళవారం నేను పుస్తకం సంచిలో పెట్టుకుని, చెప్పేద్దామనే వెళ్ళాను. అప్పటికే అధ్యక్షుడు ఆయనతో చెయ్యి కలిపి మాట్లాడుతున్నాడు. కోచ్ తన మెడలోంచి విజిలు తీసి ఇచ్చాడు. ఎత్తుగడలు రాసుకున్న కార్డులు రబ్బరు బ్యాండు వేసి ఇచ్చాడు. పిల్లలు ఏడుస్తూంటే, ఒక్కొక్కరి హెల్మెట్ మీదా తట్టాడు. ఇంటికి వెళ్ళిపోతాడనుకున్నాను. డబ్బా బోర్లించుకుని, ఇసక బకెట్ తీసుకుని, గుంటలు పూడ్చడానికి వెళ్ళాడు. పక్షి పిల్లలు ఎప్పుడో ఎగిరిపోయాయి, డబ్బా అవసరం లేదు. వెనకనుంచి ఆ గీసిన కళ్ళే నన్ను చూస్తున్నాయి. నేను చెప్పలేదు.

కొత్త కోచ్ నూరు బంతుల లెక్క అడగలేదు. ఆ శనివారం మొదటి నిమిషం నుంచే శ్రేయని దించేసింది. మొదటి బంతి ఎవరికీ అందనంత దూరం విసిరింది మా పిల్ల. రెండోసారి నేలకరిచింది, లేచింది. ఆ తరవాత ఆట దాని చేతికి వచ్చింది. తొమ్మిది పాయింట్లతో గెలిచారు.

మా కోచ్ లోపలికి రాలేదు. కంచె అవతల, కార్లు ఆపే చోట, పేపర్‌బార్క్ చెట్టు నీడలో నిలబడి చూశాడు. సగం ఆట అయ్యాక ఫ్లాస్కు మూతలో టీ పోసుకుని వెళ్ళి కంచె మీదుగా ఇచ్చాను.

'గుంట సెయ్యి సూసావా అక్కా?' ముఖమంతా వెలిగిపోతోంది. 'ఈ గురువారం వచ్చీసిందేటి, అరవై అయిదు?'

ఆ గురువారం లెక్కే లేదు. 'వచ్చింది' అన్నాను.

'ఎంత?'

'అరవై ఎనిమిది.'

'సూసావా మరి. ఆగడం మంచిదే అయిపోనాది. పోయిన వారం దించీసుంటే పాడైపోను.' టీ తాగి మూత జాగ్రత్తగా తుడిచి ఇచ్చాడు. 'మనిద్దరం సరిగ్గానే సేసాం.'

అంకె నిజం. వారం అబద్ధం. మనిద్దరం అన్న మాట నాకిప్పటికీ గొంతు దిగలేదు.

డిసెంబరులో ఒక బుధవారం కెల్లీ ఫోను చేసింది. కోచ్ వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో ఉన్నాడని, గుండె అని. మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాను. పుస్తకం పట్టుకెళ్ళాను. కిటికీ పక్క మంచం, చేతికి సూది గొట్టం. మనిషి సగమయ్యాడు.

'బూలా, అక్కా' అన్నాడు. ఫిజీలో పలకరింపు అది. సంతోషంగా ఉంటేనే అలా అనేవాడు. కాసేపు పిల్లల సంగతులు అడిగాడు. తరవాత తనే అన్నాడు, 'సెప్టెంబరులోనే సెప్పీసాడు డాక్టరు. ఇదే ఆకరి సీజను, ఆ పైన మైదానంలో నిలబడొద్దు అని. ఇంట్లో తప్ప ఎవులికీ సెప్పనేదు. గుంటని దించీసి ఎల్లిపోదాం అనుకున్నాను. అంతే. పోన్లే. కంచె ఇవతలనుంచి సూసాను కదా.'

అప్పుడు చెప్పాను. పుస్తకం తెరిచి, చుక్కలు చూపించి, కెల్లీకి ఒక కొలత, శ్రేయకి ఒక కొలత పట్టానని, అరవై అయిదు రెండు ఆటల ముందే వచ్చిందని, కంచె దగ్గర అబద్ధం చెప్పానని, అన్నీ వరసలో చెప్పాను. వానలెక్క అప్పగించినట్టు చెప్పాను. వేరేలా చెప్పడం నాకు రాదు.

ఆయన పుస్తకం దూరంగా పట్టుకుని చుక్కలు చూశాడు. వేలితో ఒక్కొక్కటే తాకాడు. మూసి నాకిచ్చేశాడు. తరవాత, 'ఆ బీరువాలో నా బూట్లుంటాయి. ఎడంది ఇలా తే' అన్నాడు.

తీసి దుప్పటి మీద పెట్టాను. తాడు విప్పాడు, కట్టాడు. ముడి జారింది, మళ్ళీ విప్పాడు. నర్సు వచ్చి చూసి, ఏమనుకుందో, ఏమీ అడగకుండా వెళ్ళిపోయింది. ఏడుసార్లు కట్టాడు. ఎనిమిదోసారి విప్పి, కట్టకుండా బూటు పక్కన పెట్టేశాడు.

'శనివారం ఎవులతో ఆట?'

చెప్పాను.

'పుస్తకం ఇంటికాడ ఒగ్గీసి ఎల్లు అక్కా. కళ్ళతో సూడు.'

అది కోపమో దయో ఆ రోజు అడగలేకపోయాను. మళ్ళీ వస్తాను కదా, అప్పుడు అడుగుదాం అనుకున్నాను. లేచి వస్తూంటే వెనకనుంచి, 'ఇంకోటి, కెల్లీకి సెప్పకు ఈ లెక్క. ఆ బుజంతో ఆడింది పాపం' అన్నాడు.

శనివారం పుస్తకం తీసుకెళ్ళలేదు. పొద్దున అలవాటుగా తేదీ వేశాను, కింద ఏమీ లేదు. నా ఉద్యోగంలో ఖాళీ గడి ఉంటే పైనుంచి మెమో వచ్చేది, ఆ రోజు ఎవరు చూడాలి, ఎందుకు చూడలేదు అని. ఈ గడికి మెమో పంపేవాళ్ళు ఎవరూ లేరు.

కెల్లీ చెయ్యి పట్టీలో వేసుకుని నా పక్క కుర్చీలో కూర్చుంది. మూడో క్వార్టర్లో శ్రేయ విసిరిన బంతి ఇద్దరు మనుషుల మధ్య సందులోంచి వెళ్ళి, చేరాల్సిన అమ్మాయి రెండు చేతుల్లోనూ పడి, జారిపోయింది. నా చెయ్యి పెన్సిలు కోసం సంచిలోకి వెళ్ళి, ఊరికే బయటికి వచ్చింది.

'దాన్నెలా రాస్తారు, ఆంటీ?' అని కెల్లీ అడిగింది.

'గుడ్ బాల్' అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను, ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆ మాట కోసం ఆరు గురువారాలు నా కుర్చీ పక్కన గడ్డిలో కూర్చున్న మనిషి ముందు రోజు ఉదయం ఆరుంబావుకి పోయాడు.